తాడు మీద అలిగిన హేమపాల

బస్సు కలు గంగ నది వంతెన ఎక్కేసరికి హేమపాల ఒళ్ళోని తాడుచుట్ట జారి పక్కసీటావిడ పాదాల మీద పడింది. కొబ్బరి పీచుతో పేనిన బొటనవేలంత లావు తాడు. బరువు బాగానే ఉంటుంది. ఆవిడ ఉలిక్కిపడింది, చేతిలో ఉన్న అనాసముక్కల పొట్లం ఎగిరింది, దాని ఉప్పూకారం ముందుసీటాయన గుండు మీద పడింది.

"ఏనుగుని కట్టడానికి తీసుకెళ్తున్నావా తమ్ముడూ?" అందావిడ కాళ్ళు లాక్కుంటూ.

"కట్టడానికి కాదమ్మా, నడవడానికి."

"తాడు మీద నడుస్తావా?"

"నేల మీద అందరూ నడుస్తారుగా" అన్నాడు హేమపాల, చుట్ట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ.

గొప్పకి అన్న మాట కాదు. శ్రీలంక తీరాన వాద్దువ కొబ్బరితోటల్లో కల్లుగీసేవాళ్ళు అందరూ అంతే. పొద్దున ఒక చెట్టెక్కితే మళ్ళీ ఎండ ముదిరాకే దిగడం. చెట్టుకీ చెట్టుకీ మధ్య రెండేసి తాళ్ళు కట్టి ఉంటాయి. కింది తాడు కాళ్ళకి, పై తాడు చేతులకి. కోతులు కూడా కాస్త ఆలోచించే ఎత్తులో, నడుముకి గీతకత్తి, కుండ కట్టుకుని ఒక చెట్టు తల మీంచి ఇంకో చెట్టు తల మీదికి పోతుంటారు. కుండ నిండితే తాడుతో కిందికి దించుతారు. కింద ఉన్న మనిషి ఒంపుకుని తాడుని ఒక్క కుదుపు కుదుపుతుంది. కుండ పైకి పోతుంది. హేమపాలకి కింద ఉండే మనిషి భార్య కుసుమలత.

ఇలా పాతికేళ్ళకి పైగా గాల్లో నడిచిన హేమపాలకి ఈ మధ్య తాళ్ళ మీద కోపం వచ్చింది. వదులుగా ఉంటున్నాయట. కాలు పెడితే ఎక్కడుందో తెలియనట్టు, దూది మీద అడుగేసినట్టు ఉంటోందట. బిగించాడు. మళ్ళీ బిగించాడు. ఒకచోట ఎంత బిగించాడంటే లేత చెట్టొకటి పక్కకి వాలి, కావలివాడు వచ్చి తిట్టాడు. ఇక తప్పు పేనినవాళ్ళదే అని తేల్చుకుని, కొత్త తాడుని వాపసు ఇవ్వడానికి ఆలుత్‌గమ దగ్గర సముద్రపు కయ్య ఒడ్డున తాళ్ళు పేనే మాగిలిన్ దగ్గరికి బయల్దేరాడు. తాడు మీద బతికేవాడికి కాలు తప్పు చేస్తుందని తోచదు. ఏళ్ళ తరబడి ఒక్కసారీ మోసం చెయ్యని కాలు అది. తాడంటే మనుషులు చేసింది, దాన్ని అనుమానించడం తేలిక.

వంతెన దాటగానే బోధివృక్షం. అక్కడ ప్రతి బస్సూ ఆగుతుంది. డ్రైవరు దిగి హుండీలో నాణెం వేసి, చేతులు జోడించి వచ్చాకే బండి కదులుతుంది. కొందరు ప్రయాణికులూ దిగుతారు. హేమపాల దిగాడు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టునీ తేరిపార చూసి మరీ దిగాడు. పక్కసీటావిడ కిటికీలోంచి అది గమనించింది. వంకర నడకలు చూడడం ఆవిడకి అలవాటు.

కుళాయి దగ్గర వంగి దోసిట్లో నీళ్ళు పట్టి మొహానికి కొట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంతే. ఎవరో తోసినట్టు పక్కకి ఊగి, పూలమ్మే మనిషి బుట్టలో కూచున్నాడు. నీలి కలువలన్నీ నలిగిపోయాయి.

"పొద్దున్నే ఎక్కించావా అన్నా?" అన్నాడు కండక్టరు. జనం నవ్వారు.

"వాసన చూడు, కల్లుగీసేవాడే" అన్నారెవరో.

హేమపాల మొహం కందగడ్డయింది. జీవితంలో కల్లు నాలుకకి తగలనివ్వని మనిషి అతను. కుండ నురుగు వేలికంటితే పంచెకి తుడుచుకునే రకం. కానీ ఈ మాట అతనికి కొత్త కాదు. పది రోజుల కిందట తోట యజమాని కరుణారత్న ముదలాలి కూడా ఇదే అన్నాడు, కాస్త మర్యాదగా: "హేమపాలా, తాగేవాణ్ణి నేను పైకి పంపలేను. పడి చస్తే పోలీసులకి నేను జవాబు చెప్పుకోవాలి. వానలు తగ్గేదాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఊగితే చెట్లు ఇంకొకరికి ఇచ్చేస్తాను." తాగలేదంటే ముదలాలి వినలేదు. తాగినవాళ్ళందరూ చెప్పే మొదటి మాట అదే కదా.

హేమపాల చెట్లంటే తండ్రి గీసిన చెట్లు. ఏ చెట్టు కల్లు తియ్యనో, ఏ చెట్టు మొండిదో, ఏ మొవ్వలో తేలుంటుందో అతనికి తెలుసు. అవి పోతే నేల మీద అతనికి పనేమీ లేదు. నేల మీద అతను ఎప్పుడూ అంత బాగా నడవలేదు కూడా.

పక్కసీటావిడ బస్సు దిగి దగ్గరికొచ్చింది. పేరు నిరంజల. కొలంబోలో వైద్యవిద్యార్థులకి శవాలు కోసి నరాలు చూపించే పంతులమ్మగా పనిచేసి పదవీవిరమణ చేసింది. బ్రతికున్నవాళ్ళ ఒళ్ళు కూడా వదిలిపెట్టదని ఆవిడ చెల్లెలు ఫిర్యాదు చేస్తుంటుంది. ప్రస్తుతం ఆ చెల్లెలింటికే వెళ్తోంది.

"లే తమ్ముడూ. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి నిలబడు. నన్ను చూడు. బావుంది. ఇప్పుడు కళ్ళు మూసుకో."

"ఎందుకమ్మా?"

"మూసుకో, నేను పట్టుకుంటాను."

మూసుకున్నాడు. గాలిలో కొబ్బరాకులా ఊగి ఆవిడ భుజం మీద పడ్డాడు. కళ్ళు తెరవగానే నిటారుగా నిలబడ్డాడు.

"తాగినవాడు కళ్ళు తెరిచినా ఊగుతాడు" అంది నిరంజల కండక్టరుతో. "ఇతను మూస్తేనే ఊగుతున్నాడు. ఇతని కాళ్ళు చెయ్యాల్సిన పని కళ్ళు చేస్తున్నాయి."

కండక్టరుకి అర్థం కాలేదు గానీ విజిలేశాడు.

మన దగ్గర ఒక తమాషా ఉంది. చీకట్లో కూడా మన ముక్కు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. పరధ్యానంగా కబుర్లు చెప్పుకుంటూనే ఆడవాళ్ళు పూలు కడతారు. సైకిలు మీద పోతూ తల తిప్పి వీధిలో తగువు చూస్తాం, పడం. వాసన, రుచి, చూపు, వినికిడి, స్పర్శ అని పేర్లు పెట్టి లెక్కపెట్టిన పెద్దలు, ఒళ్ళు ఎక్కడుందో ఒంటికే తెలిసే ఈ ఒక్కదానికి పేరు పెట్టడం మరిచిపోయారు. ఎప్పుడూ పోదు కాబట్టి ఉందని ఎవరికీ గుర్తుండదు. పోయినవాడే దాన్ని వెతుకుతాడు, అదీ తప్పుచోట. ఓడలో చాలా నెలలుండి రేవులో దిగిన కళాసీ నేల ఊగుతోందని నేలని తిడతాడు చూడండి, అలాగే హేమపాల తాడుని తిట్టాడు.

ఆలుత్‌గమలో హేమపాల దిగితే నిరంజల కూడా దిగింది. చెల్లెలింటికి ఇంకా దూరముంది. అయినా దిగింది.

కయ్య ఒడ్డున నానబెట్టిన కొబ్బరిడొక్కల కుళ్ళువాసన దూరం నుంచే ఎదురొచ్చి స్వాగతం పలికింది. మాగిలిన్ గుడిసె ముందు, తిరుగుతున్న రాట్నం నుంచి వెనక్కి నడుస్తోంది. పీచు వేళ్ళ మధ్యనుంచి పురిగా సాగుతోంది. డెబ్బై దాటినా వెనక్కి నడిచే అడుగు తడబడదు. హేమపాల భుజం మీద చుట్ట చూసి అడుగు ఆపింది.

"మళ్ళీ తెచ్చావూ?"

"అక్కా, కోపం తెచ్చుకోకు. ఇది కూడా వదులే."

"మా అమ్మ పేనింది మీ నాన్న నడిచాడు. నేను పేనింది నువ్వు నడిచావు. ఇన్నాళ్ళూ లేని వదులు ఇప్పుడెక్కడినుంచి ఊడిపడింది? నా చేతులు చచ్చాయంటావా?"

"అనలేదక్కా. పీచు సరిగా నానలేదేమో అంటున్నా."

"నీ మొహం నానలేదు. ఈవిడెవరు? సాక్షినా?"

"బస్సులో కలిసింది" అన్నాడు హేమపాల, తనకీ సరిగా తెలియనట్టు.

"నీ మంచం కాస్త వాడుకోనిస్తావా అక్కా?" అంది నిరంజల. మాగిలిన్ నుదురు ముడేసి మంచం వైపు చెయ్యి చూపింది. హేమపాలని పడుకోబెట్టి, కళ్ళ మీద తుండు కప్పింది నిరంజల. అతని కాలి బొటనవేలిని పక్కల పట్టుకుని పైకి వంచింది.

"వేలు పైకుందా, కిందికుందా?"

"పైకి."

కిందికి వంచింది. "ఇప్పుడు?"

కాస్త ఆగి, "పైకే" అన్నాడు.

మళ్ళీ కిందికి. "ఇప్పుడు?"

"ఏమిటమ్మా ఈ ఆట. వేలు పట్టుకున్నట్టుంది గానీ మీరసలు కదపడం లేదు."

మాగిలిన్ దగ్గరికొచ్చి వంగి చూసింది. వేలు నేలవైపు వంగే ఉంది. తుండు లాగేసి, "చూసుకోరా నాయనా" అంది. గొంతులో కోపం లేదు.

హేమపాల తన వేలిని చూశాడు. ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు. తర్వాత తాడుచుట్ట మీద చెయ్యేసి మెల్లగా నిమిరాడు.

"తప్పయిందక్కా" అన్నాడు.

"సరే లే" అంది మాగిలిన్. "టీ తాగు." నల్లటీ, పక్కన తాటిబెల్లం ముక్క తెచ్చి పెట్టింది. నిరంజలకీ ఇచ్చింది, హేమపాలకి ఇచ్చినదానికన్నా పెద్ద ముక్క.

"కాలు చచ్చుబడిందా డాక్టరమ్మా?" అడిగాడు హేమపాల. అతనికి తెలియాల్సింది ఇదొక్కటే.

"కాలు బానే ఉంది. కబురే రావట్లేదు." నిరంజల రాట్నం దగ్గర పడున్న కదురు తీసి చూపించింది. "నీ పిక్కల్లో, తొడల్లో, ప్రతి కండలో ఇలాంటి ఆకారంలో చిన్నచిన్నవి ఉంటాయి. కంటికి కనపడనంత చిన్నవి. కండ సాగినా, ముడుచుకున్నా వాటికి తెలుస్తుంది. వెంటనే నరం పట్టుకుని వీపులోకి కబురు పంపుతాయి. ఆ కబురు నడుముకి కాస్త పైన ఒకచోట బండి మారి, వెన్నులోంచి పైకి పోతుంది. ఒంట్లో అంత వేగంగా పోయే కబుర్లు ఎక్కువ లేవు. ఎక్కడికి పోతుందో తెలుసా?"

"తలకాయకి."

"తల వెనక భాగానికి. అక్కడ చిన్న మెదడుంది, పిడికిలంత. కుడికాలి కబురు కుడివైపుకే, ఎడమకాలి కబురు ఎడమవైపుకే. అది లెక్కలు వేసుకుని, ఈ కండని కాస్త వదులు చెయ్యి, ఆ కండని బిగించు అని సర్దుతుంది. పాతికేళ్ళు తాడు మీద నడిచింది అదే. నువ్వు ఊరికే దానితో వెళ్ళావు."

హేమపాలకి ఇది నచ్చలేదు. "నా కాళ్ళ కబురు నాకు తెలియకుండా పోతుందా?"

"నీకు చెప్పే దారి ఇంకొకటుంది, అది పెద్ద మెదడుకి పోతుంది. వేలు పైకుందో కిందుందో చెప్పేది అది. కానీ తాడు మీద నీకు చెబితే నువ్వు ఆలోచిస్తావు. ఆలోచించడం అయ్యేసరికి కిందుంటావు."

మాగిలిన్ పకపకా నవ్వింది. "నిజమే. మా ఆయన చెట్టు మీద ఆలోచించడం మొదలెట్టిన రోజే దిగిపోయి చేపలపడవ ఎక్కాడు."

"కుండ దించితే కింద నీ భార్య తాడు కుదుపుతుందిగా" అంది నిరంజల హేమపాలతో. "కుదుపు నీ చేతికి రాకపోతే ఏమనుకుంటావు?"

"కుసుమ ఎవరితోనో కబుర్లలో పడిందనుకుంటా."

"ఆమె కుదుపుతూనే ఉందనుకో. మధ్యలో తాడే పాడయిందనుకో. నీకు రెండు దారులూ అలాగే అయ్యాయి. నరం మీద ఒక పొర ఉంటుంది, అది ఊడుతున్నట్టుంది. ఎందుకో కనుక్కోవాలి. నాలుక మంటగా ఉంటోందా?"

"ఉంటోంది. కారం తినలేకపోతున్నా."

"పాదాల్లో చీమలు పాకినట్టు?"

"పాకినట్టు కాదు, పాకుతున్నాయనే చీమల మందు చల్లాను."

"ఏం తింటావు రోజూ?"

హేమపాల టీ గ్లాసు కింద పెట్టాడు. ఈ ప్రశ్న అతనికి వేరే చోట తగిలింది.

"అన్నం, పప్పు, ఆకుకూరలు, కొబ్బరి సంబల్."

"చేప?"

"తినను."

"గుడ్డు? పెరుగు?"

"ముట్టను."

"సముద్రం పక్కన ఇల్లు, ఇంట్లో ఎండుచేప తల కూడా లేదు" అంది మాగిలిన్. "పాపం ఆ కుసుమ పక్కింట్లో తిని మూతి కడుక్కుని వస్తుంది. ఎప్పటినుంచిరా ఇది? ఏడేళ్ళా?"

"ఆపైనే."

సంగతి ఇది. ప్రతి పున్నమికీ తెల్లబట్టలు కట్టుకుని బౌద్ధ విహారానికెళ్ళి, అక్కడి భిక్షువు స్వామివారు పంచశీలాలు చెబుతుంటే అందరితో పాటు హేమపాల కూడా తిరిగి చెబుతాడు. మొదటి నాలుగూ గట్టిగా చెబుతాడు. మత్తు పదార్థాల జోలికి పోనని చెప్పే అయిదోదాని దగ్గర గొంతు తగ్గుతుంది. తను తాగడు, నిజమే. కానీ ఊరు తాగేది తను గీసిందే. పున్నమినాడు కల్లు దుకాణాలు మూస్తారు గానీ చెట్టు మూసుకోదు, ఆ రోజు కూడా గియ్యకపోతే పూమొగ్గ ఎండిపోతుంది. విహారంనుంచి వచ్చి తెల్లబట్టలు విప్పి మళ్ళీ చెట్టెక్కేవాడు. ఈ పీకులాట పడలేక తనకి తానే ఒక ఒప్పందం చేసుకున్నాడు: అయిదోది తప్పుతోంది కాబట్టి ప్రాణహింస చెయ్యనన్న మొదటిది రెట్టింపుగా పాటించాలి. ప్రాణమున్నదేదీ, ప్రాణమున్నదాని నుంచి వచ్చిందేదీ నోట్లో పెట్టకూడదు. తక్కెడలో ఇటు కల్లుకుండ, అటు చేపల పులుసు. కల్లుగీసేవాడు తప్ప ఇంకెవరూ ఇంత కచ్చితంగా తూచుకోరు.

నిరంజల నవ్వలేదు. "నీ వ్రతానికి నేను అడ్డు చెప్పను. కానీ నరం పొరకి కావలసిన ఒక విటమిను ఆకుల్లో ఉండదు, పప్పులో ఉండదు. చేపలో, గుడ్డులో, పాలలో ఉంటుంది. ఒంట్లో పాత నిలవ కొన్నేళ్ళు వస్తుంది. అదయ్యాక కబుర్లు ఆగిపోతాయి. రక్తం పరీక్ష చేస్తే తేలుతుంది."

"అయితే చేప తినాలి" అన్నాడు హేమపాల. తలవంచుకున్నాడు. "తింటే చెట్లుంటాయి, తినకపోతే వ్రతం ఉంటుంది. అంతేనా?"

"ఇంజెక్షనుంది."

"అది దేన్ని చంపి తీస్తారు?"

"దేన్నీ కాదు. పెద్దపెద్ద పీపాల్లో సూక్ష్మజీవుల్ని పులియబెట్టి తీస్తారు."

హేమపాల తలెత్తాడు. "పులియబెట్టా?"

"ఆ."

"కల్లులాగా?"

"ఇంచుమించు."

మాగిలిన్ మంచం పట్టె పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. హేమపాల కూడా నవ్వాడు. ఏడేళ్ళకి పైగా దేన్నుంచి పారిపోయాడో ఆ పులుపే సూదిలో ఎక్కి వస్తోంది. ఈ లెక్క తన తక్కెడలో ఎటు వెయ్యాలో అతనికి తోచలేదు. ఊరెళ్ళి స్వామివారిని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "మందు మందే, పొడిపించుకో" అన్నారు.

రక్తపరీక్షలో నిరంజల చెప్పిందే తేలింది. మొదట్లో రోజు మార్చి రోజు సూది, తర్వాత వారానికొకటి. ముదలాలికి నిరంజల ఫోను చేసి తాగుడు కాదని చెప్పింది. ఆయన, "సరేనమ్మా, కానీ గాలికి అదంతా తెలీదుగా, నా గడువు గడువే" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఆ వానాకాలమంతా హేమపాల చెట్లని వేరే మనిషి గీశాడు. హేమపాల కిందుండి కుండలందుకున్నాడు, కుసుమలత పక్కన. చెట్టు మీద మనిషి ఏ మొగ్గని ఎలా కోస్తున్నాడో కిందినుంచి చూడలేక గొణిగేవాడు. "నువ్వు పైకెళ్ళాక మాట్లాడు" అనేది కుసుమలత.

పొద్దున్నే పెరట్లో రెండు దుంగల మధ్య మోకాలెత్తున తాడు కట్టి నడిచేవాడు. మొదట కళ్ళతో నడిచేవాడు, ఆ తర్వాత తల కాస్త ఎత్తి. చీమలు ముందు పిక్కల్నుంచి దిగాయి, తర్వాత మడమల్నుంచి. ఎడమ చిటికెనవేలిలో మాత్రం ఉండిపోయాయి. "కొన్ని కబుర్లు తిరిగిరావు" అంది నిరంజల ఒకసారి చూడ్డానికొచ్చి. "మిగతావాటితో ఆ చిన్న మెదడు సర్దుకుంటుంది. దానికి రోజూ పని చెబుతుండు." మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుని నిలబడగలిగిన రోజున కుసుమలత పక్కింటికి పోయి చెప్పొచ్చింది. చేపల పులుసు తిని వచ్చింది కూడా.

వానలు తగ్గాయి. ముదలాలి తోటకొచ్చాడు, గొడుగు కర్రలా ఊపుకుంటూ. మాగిలిన్ కొత్త తాడు తెచ్చి తనే దగ్గరుండి కట్టించింది. నిరంజల కొలంబో రైలు అందుకోవాలి, అయినా ఆగింది.

"నువ్వు కిందే ఉంటే నాకూ మనశ్శాంతి హేమపాలా" అన్నాడు ముదలాలి. "కుండలందుకునే పని ఎప్పటికీ నీదే. పైకెళ్ళి కాలు తడబడితే మాత్రం ఇక మాట్లాడుకునేది లేదు."

హేమపాల కత్తి నడుముకి కట్టుకుని, చెట్టుకి మెట్లుగా కట్టిన డొక్కల మీద కాలు పెడుతూ పైకి పోయాడు. మొవ్వ దగ్గర నిలబడి పై తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. కింది తాడు మీద ఒక పాదం పెట్టి దాన్ని చూశాడు. కిందున్న నలుగురూ తలలెత్తి ఆ పాదాన్నే చూశారు.

"చూస్తున్నాడు" అన్నాడు ముదలాలి.

"చూడనివ్వండి" అంది నిరంజల.

హేమపాల చూపు పాదం మీంచి లేచి ఎదురుచెట్టు మీద పడింది. నడిచాడు. తాడు మధ్యకొచ్చేసరికి సముద్రం వైపునుంచి గాలి కొట్టి తాడు పక్కకి ఊగింది. అతను ఆగాడు. మోకాళ్ళు కాస్త వంగాయి, నడుము కాస్త తిరిగింది, పాదం ఒక వేలెడు జరిగింది. వీటిలో ఒక్కటీ అతను చేసినట్టు లేదు. అతని మొహం మాత్రం ఎదురుచెట్టు పూమొగ్గ వైపే ఉంది, ఎవడో దాన్ని పాడుచేశాడని చిరాకుపడుతూ.

"వీడెలా కోశాడో చూడు, చేతకానివాడు" అన్న మాట పైనుంచి వినపడింది.

కుసుమలత పైటచెంగుతో మొహం తుడుచుకుంది. ముదలాలి గొడుగు నేలకి ఆనించి, కల్లుగీసేవాడు మారడం లేదని కావలివాడికి చెప్పమని ఆమెతో అన్నాడు.

"హేమపాలా, వెళ్తున్నా, రైలుకి టైమైంది" అని అరిచింది నిరంజల.

అతను మొగ్గ కొన చెక్కాడు, కుండ తగిలించాడు, చెట్టు చుట్టూ తిరిగి అవతలి తాడు మీదికి దిగాడు.

"విన్నాడంటావా?" అడిగింది నిరంజల.

"విన్నాడు. ఇప్పుడు మనతో పనేముంది వాడికి?" అంది మాగిలిన్.

ఆకుల మధ్యనుంచి మూడో చెట్టు, ఆ తర్వాత దాని వెనకది కాస్త కదిలాయి. ఆపైన ఏ చెట్టు మీదున్నాడో కిందివాళ్ళకి తెలియలేదు.